పాల లెక్కల కంప్యూటరుకు అప్‌డేట్ల మోపు



మన కర్నూలు, కడప సీమలో వాన మొగం చాటేసి వేరుశనగ చేతికి రాకపోయినా, ఎనుము ఉన్న ఇంట పాల బిల్లు వస్తుంది. ఆ బిల్లు నేడు చాలా సంఘాలలో కంప్యూటరు లెక్క మీద ఆధారపడి ఉన్నది. 120 మంది సభ్యులు రోజుకు 600 లీటర్లు పోసే సంఘం ఒకటి అనుకుందాం. లీటరు 50 రూపాయల వంతున పది రోజులకు 3 లక్షల రూపాయలు. ఎవరివి ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత అన్న వివరమంతా ఆ ఒక్క పెట్టెలోనే ఉంటుంది. కనుక దాని ఆరోగ్యం కార్యదర్శి ఒక్కరి విషయం కాదు, సభ్యులందరి విషయం.

పాల పరీక్ష యంత్రం తీగ పాత కంప్యూటరుకే తగులుతుందని, కొత్తది కొనే స్తోమత లేదని కొన్ని చోట్ల ఇంకా విండోస్ 7 నే వాడుతుంటారు. ఇది 2009 అక్టోబరులో వచ్చినది. దానిలో బయటపడిన లోపాలను మైక్రోసాఫ్ట్ కంపెనీ ఎప్పటికప్పుడు సరిచేసి ఇచ్చేది. ఆ సవరణలనే అప్‌డేట్లు అంటారు.

టీకా వంటిదే

గాలికుంటు వచ్చిన తరువాత సూది వేయిస్తే ఏమి లాభం? 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాలలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, విడిపించడానికి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలోనూ చిత్తూరుతో సహా కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. దాన్ని ఆపగల అప్‌డేట్ అదే ఏడాది మార్చి 14ననే వచ్చింది. వేసుకున్నవారు బయటపడ్డారు. దెబ్బతిన్న వాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలే.

మోపు అంటే ఏమి?

అప్‌డేట్లు వందల కొద్దీ పేరుకుపోయాయి. ఒక్కొక్కటిగా దించుకోవాలంటే పల్లెలో నెట్ చాలదు, కరెంటు నిలవదు. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు మూడింటికీ కలిపి ఒకే సూది ఉన్నట్లు, 2016 మేలో మైక్రోసాఫ్ట్ వారు ఒక మోపు కట్టి ఇచ్చారు. దాని పేరు కన్వీనియెన్స్ రోలప్, సంఖ్య కె.బి. 3125574. 2011 నుండి 2016 ఏప్రిల్ వరకు వచ్చిన సవరణలు దాదాపు అన్నీ అందులో ఉన్నవి. 32 బిట్ యంత్రానికి సుమారు 300 ఎంబి, 64 బిట్ యంత్రానికి సుమారు 480 ఎంబి. పట్టణంలో ఒక్కసారి దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకొనవచ్చును. అయితే మైక్రోసాఫ్ట్ వారి కేటలాగు నుండే దించవలెను. ఊరూ పేరూ తెలియని చోట దించినది వేస్తే రోగాన్ని మనమే ఇంటికి తెచ్చుకున్నట్లు.

వేసే వరుస

1. ముందుగా పాల లెక్కలు, సభ్యుల ఖాతాలు రెండు పెన్‌డ్రైవ్‌లలో నకలు తీయవలెను. ఒకటి కార్యదర్శి వద్ద, ఒకటి అధ్యక్షుని వద్ద ఉండాలి.
2. బిల్లు పంచిన మరునాడు, సాయంత్రం పాల సేకరణ ముగిసిన పిమ్మట మొదలు పెట్టండి. యూపీఎస్ లేనిదే ముట్టవద్దు.
3. సర్వీస్ ప్యాక్ 1 ఉన్నదేమో చూడండి. లేనిచో మొదట అదే వేయాలి.
4. తరువాత కె.బి. 3020369. ఇది లేనిదే మోపు ఎక్కదు.
5. ఆపైన మోపు.
6. తరువాత కె.బి. 4490628, 4474419. ఇవి ఉంటేనే 2019 తరువాతి అప్‌డేట్ల సంతకాన్ని యంత్రం గుర్తిస్తుంది.
7. చివరగా 2020 జనవరి నెలవారీ మోపు, కె.బి. 4534310. వన్నాక్రైని ఆపే సవరణ 2016 మోపులో లేదు, ఇందులో ఉన్నది. కాబట్టి ఐదవ మెట్టు వద్దే ఆగిపోరాదు.

ఒక్కొక్కటి వేసిన తరువాత యంత్రాన్ని ఆపి మళ్లీ ప్రారంభించాలి. తెర మీద శాతం చాలాసేపు కదలకుండా నిలిచినా స్విచ్ కట్టేయవద్దు. సగంలో ఆగితే యంత్రం అసలు లేవకపోవచ్చు.

పని ముగిశాక ఒక నమూనా పాలు పరీక్షించి, తీగ గుండా అంకెలు సరిగా వస్తున్నవో లేదో చూడండి. గత బిల్లు ఒకటి మళ్లీ తీసి, పాత కాగితంతో సరిపోల్చండి.

మోపుకూ హద్దు ఉన్నది

విండోస్ 7కు ఉచిత అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. డబ్బు కట్టినవారికి ఇచ్చినవి కూడా 2023 జనవరితో ముగిశాయి. ఆ తరువాత బయటపడిన లోపాలకు దానిలో మందు లేదు. కనుక ఈ పని పాత యంత్రాన్ని కొంతకాలం నిలబెట్టుకొనుటకే. అటువంటి యంత్రాన్ని నెట్‌కు దూరంగా ఉంచి, పాల లెక్కకు మాత్రమే వాడండి. బ్యాంకు చెల్లింపులు దాని మీద చేయరాదు. కొత్త యంత్రానికి సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి నిధి కేటాయించుకొనుట మేలు. విండోస్ 10 సాధారణ గడువు కూడా 2025 అక్టోబరు 14తో తీరిపోయినది గనుక, కొనేటప్పుడు దాన్ని గమనించండి.

సమావేశంలో అడగవలసిన ప్రశ్నలు

1. మన లెక్కల నకలు చివరిసారి ఏ తేదీన తీశారు? అది తెరుచుకుంటుందో లేదో చూశారా?
2. మన కంప్యూటరులో ఏ విండోస్ ఉన్నది? చివరి అప్‌డేట్ ఏది?
3. రేపు అది చెడిపోతే, ఈ పది రోజుల బిల్లు ఏ పుస్తకం చూసి ఇస్తారు?

మూడవ ప్రశ్నకు జవాబు రాని సంఘం, నేటి నుండే చేతి పుస్తకం కూడా రాయడం మొదలుపెట్టవలెను. సభ్యులు కూడా పూటపూటకూ ఇచ్చే చీటీని బిల్లు వచ్చేవరకు పారవేయక దాచుకొనగలరు.