విశ్వకిరణాల వేట

మనం నిద్రిస్తున్నా, మేల్కొని ఉన్నా సుదూర విశ్వం నుండి భూమిపైకి కణాల వర్షం కురుస్తూనే ఉంటుంది. అది కంటికి కనిపించదు, చెవికి వినిపించదు. ఆ కణాలకే విశ్వకిరణాలని పేరు. పేరుకు కిరణాలే అయినా ఇవి కాంతి వంటివి కావు. దాదాపు కాంతివేగంతో పయనించే పదార్థ కణాలు. వీటిలో అధికభాగం ప్రోటాన్లు.

గాలిలో కనిపించే వికిరణమంతా భూమిలోని రేడియోధార్మిక ఖనిజాల నుండి వెలువడుతున్నదని ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో పలువురు భావించారు. అదే నిజమైతే పైకి పోయేకొద్దీ అది తగ్గాలి. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు విక్టర్ హెస్ ఈ సందేహాన్ని స్వయంగా తీర్చుకోదలచాడు. 1912 ఆగస్టు 7న బెలూనులో అయిదు కిలోమీటర్లకు పైగా ఎత్తుకు ఎగిరాడు. వికిరణం తగ్గలేదు సరికదా, నేలమీద కంటే ఎంతో పెరిగింది. అది ఆకాశం నుండే వస్తున్నదని తేలింది. ఈ పరిశోధనకు హెస్ 1936లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు.

అయితే ఒక చిక్కున్నది. విశ్వకిరణం వాయుమండలంలో ప్రవేశించగానే గాలిలోని పరమాణు కేంద్రకాలను ఢీకొని ఛిన్నాభిన్నమవుతుంది. నేలను చేరేవి ఆ తాకిడిలో పుట్టిన పిల్ల కణాలే. అసలు కణాన్ని చూడాలంటే గాలిని దాటి పైకి పోవాలి. అందుకే మన దేశంలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రజ్ఞులు హైదరాబాదు నుండి భారీ బెలూన్లను ఎగురవేశారు. కాని బెలూను ఎంతోకాలం పైన నిలువదు. ఏళ్ల తరబడి పరిశీలించాలంటే పరికరం కక్ష్యలో ఉండాలి.

అటువంటిదే ఆల్ఫా మాగ్నెటిక్ స్పెక్ట్రోమీటర్. నోబెల్ బహుమతి గ్రహీత శామ్యూల్ టింగ్ నాయకత్వంలో అనేక దేశాల శాస్త్రజ్ఞులు దీనిని నిర్మించారు. బరువు సుమారు 7.5 టన్నులు. దీనికి ప్రాణం అయస్కాంతం. విద్యుదావేశం గల కణం అయస్కాంత క్షేత్రంలో వంగి పయనిస్తుంది. ధనావేశ కణం ఒక వైపునకు వంగితే, ఋణావేశ కణం రెండవ వైపునకు వంగుతుంది. తొమ్మిది సిలికాన్ పొరలు ఆ వంపును గుర్తిస్తాయి. ఇతర భాగాలు కణం వేగాన్ని, శక్తిని కొలుస్తాయి. అడుగుజాడను బట్టి జంతువును గుర్తించే వేటగాని వలె, శాస్త్రజ్ఞులు ఈ జాడలను బట్టి కణాన్ని గుర్తిస్తారు.

ఈ యంత్రం అంతరిక్షాన్ని చేరడం సులభం కాలేదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక కూలి కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ఆ తరువాత నౌకాయాత్రలను కుదించినప్పుడు ఈ పరికరానికి చోటు దొరకలేదు. 2008లో అమెరికా కాంగ్రెసు చట్టం ద్వారా అదనపు యాత్రకు వీలు కల్పించింది. ఇంతలో మరొక నిర్ణయం తప్పలేదు. ముందుగా అమర్చదలచిన అతివాహక అయస్కాంతం శక్తిమంతమైనదే. కాని దానిని చల్లబరచే ద్రవ హీలియం కొన్నేళ్లకే హరించిపోతుంది. కనుక 2010లో దానిని తీసి, బలం తక్కువైనా తరగని శాశ్వత అయస్కాంతాన్ని అమర్చారు. 2011 మే 16న ఎండీవర్ నౌక ఈ పరికరాన్ని మోసుకొనిపోగా, మే 19న దానిని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అమర్చారు.

కొన్నేళ్లకు దానిని చల్లబరచే పంపులు ఒక్కొక్కటిగా చెడసాగాయి. అంతరిక్షంలో మరమ్మతు చేయవలసి వస్తుందని తయారీనాడు ఎవరూ అనుకోలేదు. అయినా 2019 నవంబరు నుండి 2020 జనవరి వరకు లూకా పర్మిటానో, ఆండ్రూ మోర్గాన్ నాలుగుమార్లు కేంద్రం వెలుపలికి వచ్చి, సన్నని ఉక్కు గొట్టాలను కోసి, కొత్త పంపుల వ్యవస్థను అతికారు. యంత్రానికి పునర్జన్మ లభించింది.

ఇప్పటికి అది 20,000 కోట్లకు పైగా కణాలను నమోదు చేసింది. ఎలక్ట్రానుకు ప్రతికణమైన పాజిట్రానులు అధిక శక్తుల వద్ద అనుకున్నదానికంటే ఎక్కువగా ఉన్నాయని 2013లో వెల్లడించింది. వాటికి మూలం అదృశ్యమైన కృష్ణ పదార్థమా, పల్సార్లనే నక్షత్రాలా అన్నది ఇంకా తేలలేదు. హెస్ ఒక ప్రశ్నతో పైకి ఎగిరి సమాధానంతో దిగివచ్చాడు. ఈ యంత్రం సమాధానం కోసం వెళ్లి మరొక ప్రశ్నను పంపింది. విజ్ఞానం ఇట్లే పెరుగుతుంది. ఆ ప్రశ్నకు బదులు చెప్పేవారు నేటి విద్యార్థులలోనే ఉండవచ్చు.

కఠిన పదాలకు అర్థాలు
వికిరణం : పదార్థం నుండి వెలువడే శక్తి
అతివాహకం : నిరోధం లేకుండా విద్యుత్తును ప్రసరింపజేసేది
ప్రతికణం : సమాన ద్రవ్యరాశి, వ్యతిరేక ఆవేశం గల కణం

ప్రశ్నలు
1. హెస్ బెలూను ప్రయోగం వలన తేలిన విషయమేమి?
2. విశ్వకిరణాల పరిశీలనకు పరికరం కక్ష్యలో ఎందుకు ఉండాలి?
3. శాశ్వత అయస్కాంతాన్ని ఎన్నుకొనడంలోని వివేకాన్ని వివరించండి.