వంటింటి పొగ – ఇంటిల్లిపాదికీ పగ

ఆయాసంతో ఆసుపత్రిలో చేరిన మీ ఇంటి మనిషి కోలుకుని ఇంటికి వస్తున్నారు. మందుల చీటీ మీ చేతిలో ఉంది. అయితే ఇంట్లో పొగ తగ్గకపోతే మందులు మాత్రమే చాలవు. గ్యాసు పొయ్యి ఉన్నా, సిలిండరు నాలుగు రోజులు ఎక్కువ వస్తుందని వేన్నీళ్ళకు కట్టెల పొయ్యి రాజేసే ఇళ్ళు మన విడవలూరు వైపు పల్లెల్లో ఇంకా ఉన్నాయి.

పొగ ఏం చేస్తుంది?

కట్టెలు, పిడకలు కాలినప్పుడు కంటికి కనిపించనంత సన్నని నుసి ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. పసిపిల్లలకు న్యుమోనియా, పెద్దలకు తగ్గని దగ్గు, ఆయాసం, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

వంట చేసేవారికేనా?

కాదు. ఉమ్మడి రాష్ట్రంలో నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో సుమారు 400 ఇళ్ళ గాలిని కొలిచి, 2004లో ఫలితాలు ప్రకటించారు. వంట చేసే స్త్రీలు అందరికంటే ఎక్కువ పొగ పీల్చారు. మగవారిలో మాత్రం ఇంటిపట్టున ఉండే 65 ఏళ్ళు దాటిన పెద్దవారే ఎక్కువ పీల్చారు. మంచం మీద ఉన్న మీ రోగి పరిస్థితీ అంతే.

అలవాటు ఎలా మారుతుంది?

1999లో దీపం పథకం డ్వాక్రా మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. 2016లో ఉజ్జ్వల, 2024లో ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 వచ్చాయి. కానీ గ్యాసు వచ్చినంత మాత్రాన పొగ పోదు. కట్టెల పొయ్యి ఆరితేనే పోతుంది. ఇది నలుగురూ కలిస్తే అయ్యే పని. మన జిల్లాలోని దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు కూడి మాట్లాడుకుని, ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుకున్నారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. పొగను కూడా అలాగే తరమవచ్చు.

ఈ వారమే మొదలుపెట్టండి

1. రోగి మంచం, బిడ్డ ఉయ్యాల పొగ తగలని చోట వేయండి.
2. అన్నంతోపాటు వేన్నీళ్ళు కూడా గ్యాసు మీదే కాచండి. పప్పు నానబెట్టి, మూతపెట్టి వండితే గ్యాసు ఆదా అవుతుంది.
3. కట్టెలు తప్పనిసరైతే బాగా ఎండినవి వాడండి. ఆరుబయట వండండి. బిడ్డను చంకనెత్తుకుని పొయ్యి దగ్గర కూర్చోవద్దు.
4. ఇంట్లో బీడీ, చుట్ట వద్దు. వాకిట్లో చెత్త తగలబెట్టవద్దు.
5. పొదుపు సంఘం సమావేశంలో ఈ పేజీ చదివి వినిపించండి. ఎవరింట్లో కట్టెల పొయ్యి ఎందుకు ఆరలేదో అడగండి. సిలిండరు బుక్ చేయడం తెలియనివారికి సాయపడండి. మగవారికీ ఈ మాట చెప్పండి. ఖర్చు నిర్ణయం ఇద్దరిదీ.

బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెద్దవారి పెదవులు నీలంగా మారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.