‘రీసెట్’ మీట నొక్కే ముందు

రసాయన కర్మాగారాలలో స్ఫటికాలను ద్రవం నుండి వేరు చేయడానికి సెంట్రిఫ్యూజ్ అనే యంత్రాన్ని వాడతారు. ఇంట్లో బట్టలు పిండే యంత్రపు తొట్టికి ఇది పెద్దన్న వంటిది. జోరుగా తిరుగుతున్న ఆ బరువైన తొట్టిని ఆపడానికి మీట నొక్కగానే, మోటారును నడిపే పెట్టె మీద ఒక్కొక్కసారి ‘ఓవర్ వోల్టేజి’ అన్న మాట వెలుగుతుంది. మోటారు మీద అదుపు తప్పి, తొట్టి తన ఊపులో తాను తిరుగుతూ ఉండిపోతుంది. ఆ మాట చదివినవాడు కరెంటు సరఫరా సంస్థను నిందించి, రీసెట్ మీట నొక్కి, మళ్ళీ పని మొదలుపెడతాడు. నిజానికి ఇక్కడ సరఫరాలో లోపమేమీ లేదు.

ఆ పెట్టె పేరు వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్. ఇండక్షన్ మోటారు వేగం దానికి అందే విద్యుత్తు పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. నాలుగు ధ్రువాల మోటారులో అయస్కాంత క్షేత్రం, 50 హెర్ట్జ్ సరఫరా గల హైదరాబాదులో నిమిషానికి 1500 చుట్లు, 60 హెర్ట్జ్ సరఫరా గల హ్యూస్టన్‌లో 1800 చుట్లు తిరుగుతుంది. ఇరుసు దానికన్న కొంచెం వెనుకబడి తిరుగుతుంది. వేగం మారాలంటే పౌనఃపున్యం మారాలి. అందుకని డ్రైవ్ ముందుగా ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చి కెపాసిటర్లలో నిలవ చేస్తుంది. తరువాత ట్రాన్సిస్టర్లతో దానిని సెకనుకు వేలసార్లు తెంచి, కలిపి, కోరిన పౌనఃపున్యంలో మోటారుకు అందిస్తుంది. ఈ పనికి నేడు విరివిగా వాడే ఐ.జి.బి.టి. అనే ట్రాన్సిస్టర్‌ను అభివృద్ధి చేసినవారిలో ప్రముఖుడు, 1969లో మద్రాసు ఐ.ఐ.టి.లో పట్టా పొందిన జయంత్ బలిగా.

ఇక సెంట్రిఫ్యూజ్ సంగతి. సరఫరా 480 వోల్టులైతే కెపాసిటర్ల వద్ద వోల్టేజి దాదాపు 650 ఉంటుంది. తొట్టి వేగాన్ని త్వరగా తగ్గించబోతే, తిరిగే బరువు మోటారును ముందుకు తోస్తుంది. అప్పుడు మోటారు జనరేటరుగా మారి, శక్తిని వెనక్కి డ్రైవ్‌లోకి పంపుతుంది. సాధారణమైన డ్రైవ్‌కు ఆ శక్తిని సరఫరాలోకి తిప్పి పంపే దారి లేదు. కెపాసిటర్ల వోల్టేజి పెరుగుతూ సుమారు 800 దాటగానే, డ్రైవ్ తనను తాను కాపాడుకోవడానికి చేతులెత్తేస్తుంది. ఆగడానికి ఎక్కువ వ్యవధి ఇవ్వడం, లేదా ఆ శక్తిని వేడిగా ఖర్చు చేసే బ్రేక్ రెసిస్టరును అమర్చడం దీనికి మందు. అయితే సరఫరా వోల్టేజి పెరిగినా ఇదే మాట కనిపించవచ్చు. రెంటికీ తేడా తెలిపేది సమయం: ఆగేటప్పుడు వచ్చిందా, నిలకడగా నడిచేటప్పుడు వచ్చిందా?

హెచ్చరిక వేరు, ఫాల్ట్ వేరు. హెచ్చరిక వచ్చినా మోటారు నడుస్తూనే ఉంటుంది. ఫాల్ట్ వస్తే ఆగిపోతుంది. ఆ క్షణాన ఉన్న కరెంటు, వోల్టేజి, పౌనఃపున్యాలను చాలా డ్రైవ్‌లు గుర్తుంచుకుంటాయి. వాటిని రాసుకోకుండా రీసెట్ నొక్కడం, రోగి నాడి చూడకుండా మందు వేయడం వంటిదే. ‘ఓవర్ కరెంట్’ విషయంలో ఇది మరీ ప్రమాదం. వేగం అందుకునేటప్పుడు వస్తే, బహుశా ఇచ్చిన వ్యవధి చాలలేదు. నడక మధ్యలో వస్తే పంపులో ఏదో అడ్డుపడి ఉండవచ్చు. మొదలుపెట్టిన మరుక్షణమే వస్తే తీగలో గాని, మోటారు చుట్టలో గాని షార్ట్ ఉండవచ్చు; అప్పుడు పదేపదే రీసెట్ చేస్తే బాగున్న ట్రాన్సిస్టర్లు కూడా కాలిపోతాయి. మోటారు ఇన్సులేషన్‌ను మెగ్గరుతో పరీక్షించదలచినవారు ముందుగా దాని తీగలను డ్రైవ్ నుండి విడదీయాలి. లేనిచో పరీక్షే డ్రైవ్‌ను చంపుతుంది.

వేడి గురించిన హెచ్చరికలు సామాన్యంగా దుమ్ము పట్టిన వడపోత వల్లనో, ఆగిన ఫ్యాను వల్లనో వస్తాయి. తుడిస్తే పోతాయి గనుక ఎవరూ లెక్కచేయరు. కాని లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది. డ్రైవ్‌లలో విరివిగా వాడే కెపాసిటరులో అల్యూమినియం రేకు మీద పలుచని ఆక్సైడు పొర, దానిని ఆనుకొని ఎలెక్ట్రొలైటు ద్రవం ఉంటాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన కొలదీ దాని ఆయుర్దాయం సగమవుతుందని ఒక స్థూలమైన లెక్క. ద్రవం మెల్లగా ఆవిరై, నిలవ చేసే శక్తి తగ్గుతుంది. చిత్రమేమిటంటే, వాడకుండా ఉంచినా ఇది పాడవుతుంది. వోల్టేజి లేనిదే ఆక్సైడు పొర బలహీనపడుతుంది. అత్యవసరానికని ఏళ్ళ తరబడి బీరువాలో దాచిన కొత్త డ్రైవ్, పూర్తి వోల్టేజి ఇవ్వగానే పేలడానికి కారణం ఇదే. తయారీదారు సూచనల ప్రకారం వోల్టేజిని అంచెలంచెలుగా పెంచితే ఆ పొర తిరిగి ఏర్పడుతుంది.

ఈ కెపాసిటర్లే ప్రాణాంతకం కూడా. స్విచ్చి కట్టేసి, తెరమీది అక్షరాలు ఆరిపోయినా వాటిలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. ఎన్ని నిమిషాలు ఆగాలో పెట్టె మీదనే రాసి ఉంటుంది. అంతసేపూ ఆగి, ఆపైన ఏకముఖ వోల్టేజిని మీటరుతో కొలిచి చూడనిదే చేయి పెట్టరాదు. ‘ఉత్పత్తి ఆగిపోతోంది’ అని పైవారు తొందరపెట్టే వేళనే ఈ నియమాన్ని మరచిపోవడం జరుగుతుంది.

ఇదంతా కర్మాగారాల గొడవ కదా అనుకోనక్కరలేదు. ఇన్వర్టర్ ఎయిర్ కండిషనర్ బయటి యూనిట్‌లో ఉన్నది ఈ డ్రైవ్‌కు తమ్ముడే. గల్ఫ్ దేశాల వేసవిలో, ఇసుక పట్టిన యూనిట్ మిట్టమధ్యాహ్నం ఏదో అంకె చూపి ఆగిపోతే, దాని మూత విప్పడం ఇంటివారి పని కాదు. ఆ అంకె, అది వచ్చిన వేళ, అప్పుడు యంత్రం మొదలవుతోందా, నిలకడగా నడుస్తోందా అన్నవి కాగితం మీద రాసి మెకానిక్ చేతికిస్తే చాలు. అతని పనిలో సగం అక్కడే పూర్తవుతుంది.