వైరు బిగించకు, ముందు వదులు చూడు

చిరంజీవి అల్లుడికి,

ఫోన్లో చెబితే సగం చెవి దాటిపోతుంది, అందుకే రాస్తున్నాను. బండి విప్పేటప్పుడు ఈ కాగితం పక్కన పెట్టుకో.

తాతయ్య బుల్లెట్ సూరత్ డుమస్ రోడ్డులో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజను రొద పెడుతోంది గాని బండి లాగడం లేదన్నావు. మెకానిక్ క్లచ్ వైరు బిగించి ఇస్తే మర్నాటికి ఇంకా ఎక్కువైందన్నావు. ఇప్పుడు క్లచ్ సెట్టంతా మార్చాలంటున్నారట. ఆగు, ఇప్పుడే ఏదీ కొనకు.

లోపల ఏం జరుగుతుందో ముందు మనసులో పెట్టుకో. ఎడమవైపు చైన్ కేసులో క్లచ్ డ్రమ్ము, అందులో ఒకదాని వెనక ఒకటిగా ప్లేట్లు, వాటిని నొక్కిపట్టే స్ప్రింగులు ఉంటాయి. లీవరు నొక్కితే వైరు వెళ్లి లాగేది మాత్రం కుడివైపున, గేరుబాక్సులో. అక్కడి చిన్న మీట ఒక కడ్డీని తోస్తుంది. ఆ పుష్ రాడ్ బోలుగా ఉన్న గేరుబాక్సు షాఫ్టులోంచి ఎడమవైపుకి వెళ్లి ప్రెజర్ ప్లేటుని బయటికి నెడుతుంది. అప్పుడు ప్లేట్లు విడిపోతాయి.

చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే. వైరు సాగితే లీవరు వదులవుతుంది. ప్లేట్లు అరిగితే సరిగ్గా దీనికి ఎదురు: దొంతర పలచబడి ప్రెజర్ ప్లేటు లోపలికి జరుగుతుంది, రాడ్‌ని కుడివైపుకి నెడుతుంది, ఉన్న వదులు తనంతట తానే మాయమవుతుంది. అలా బిగుసుకున్న బండికి వైరు ఇంకా బిగిస్తే నువ్వు లీవరు ముట్టుకోకపోయినా క్లచ్ కొంచెం నొక్కి ఉన్నట్టే. ప్లేట్లు జారతాయి, కాలతాయి. రాడ్ కొస ఎప్పుడూ ఒరుసుకుంటూ వేడెక్కి నీలం తిరుగుతుంది, అరిగి పొట్టిదవుతుంది. మగ్గం నడిపే నీకు పడుగు బిగువు ఎంత ఉండాలో నేను చెప్పక్కర్లేదు, ఇదీ అలాంటి లెక్కే.

కాబట్టి సర్దుబాటు లోపలి నుంచి మొదలుపెట్టు. ఇంజను చల్లారాక వైరు అడ్జస్టరు పూర్తిగా వదులు చెయ్యి. కుడివైపు గేరుబాక్సు కవరు మీద చిన్న మూత ఉంటుంది, అది తీస్తే లాక్ నట్టు, దాని మధ్యలో స్క్రూ కనిపిస్తాయి. నట్టు వదిలించి స్క్రూని వేళ్ల బలంతో తిప్పుతూ రాడ్‌కి తాకేదాకా పోనివ్వు. తాకగానే ఆగి, అక్కణ్ణుంచి సగం చుట్టు వెనక్కి తిప్పు. స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించు. ఆ తర్వాతే వైరు. లీవరు కొస దగ్గర 2–3 మిల్లీమీటర్లు ఆడేలా ఉంచు. హ్యాండిల్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి చూడు, ఆ వదులు ఎక్కడా పోకూడదు.

డుమస్‌లో ఉంటున్నావు కాబట్టి వైరు మీద ప్రత్యేకంగా కన్ను వెయ్యి. ఆ సముద్రపు గాలిలో ఉప్పు ఉంది, బండేమో రాత్రంతా ఆరుబయట ఉంటోంది. వైరు ఊడదీసి నిలువుగా వేలాడదీసి, పై కొసకి పాలిథిన్ కాగితం గరాటులా చుట్టి పల్చటి నూనె పొయ్యి. కింద చుక్కలు పడేదాకా ఓపిక పట్టు. ఒక్క పోగు తెగినట్టు కనిపించినా వైరు మార్చేయ్. అది తక్కువ ధర వస్తువే. లోపల నైలాను గొట్టం ఉన్న రకమైతే నూనె అక్కర్లేదు.

ఇంత చేశాకా జారితేనే ఎడమవైపు విప్పాలి. ఫుట్ రెస్టు, బ్రేకు పెడలు తీస్తే చైన్ కేసు మూత మధ్యలో ఒకే పెద్ద నట్టు మీద నిలబడి ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు ఆ నట్టు మీద బలం చూపకు, మూత వంగి అంచుల్లో ఆయిలు కారుతుంది. ప్లేట్లు తీసిన వరుసలోనే పేర్చి, కిరోసిన్‌తో కడుగు. ఉక్కు ప్లేట్లు అద్దం మీద పెట్టి చూడు, ఊగితే వంగినట్టే. స్ప్రింగులు పక్కపక్కన నిలబెట్టు, ఒక్కటి పొట్టిగా ఉన్నా అన్నీ మార్చు. డ్రమ్ము గాడుల్లో ప్లేటు చెవులు కొట్టుకుని గంట్లు పడతాయి. పైపైవైతే ఆకురాయితో నున్నగా చెయ్యి, లోతుగా ఉంటే డ్రమ్మే మార్చాలి. ఆ గంట్లలో ప్లేట్లు ఇరుక్కుంటే క్లచ్ పూర్తిగా విడిపోదు, మొదటి గేరు కటకటమంటుంది. నువ్వు చెప్పిన రెండో జబ్బు అదే కావచ్చు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకక మడమతో న్యూట్రల్ మీట నొక్కుతున్నానన్నావు. పాత నాలుగు గేర్ల బుల్లెట్‌కి అదొక సౌకర్యం, నిజమే. కానీ విడిపోని క్లచ్‌కి అది మందు కాదు.

బిగించాక లీవరు నొక్కిపట్టి కిక్ మెల్లగా తిప్పుతూ ప్రెజర్ ప్లేటు చూడు. ఒక పక్కకి ఒరుగుతూ లేస్తే స్ప్రింగులు సమానంగా పనిచెయ్యడం లేదని అర్థం. చైన్ కేసు ఆయిలు వేరు, ఇంజను ఆయిలు వేరు. కార్లకి వాడే జారుడు ఎక్కువున్న ఆయిలు చైన్ కేసులో పొయ్యకు. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) అని చూసి కొను, లెవెల్ స్క్రూ దాకా మాత్రమే నింపు.

మరో మాట. ఆదివారం సాయంత్రం దరియా గణేశ్ గుడి వైపు, టమేటా భజియా బళ్ల దగ్గర జనం కిక్కిరిసి ఉంటే సగం క్లచ్ మీద పాకించకు. దిగి తోసుకెళ్లు లేదా దూరంగా ఆపు. నల్ల ఇసకలోకి బండి అసలు దింపొద్దు. చక్రం కూరుకుంటే బయటికి లాగే ప్రయత్నంలోనే ప్లేట్లు కాలిపోతాయి. నిలిపి ఉంచిన బండిని తీసేటప్పుడు లీవరు నొక్కి, ఇంజను ఆపి ఉండగానే రెండు మూడు సార్లు కిక్ కొట్టు. అతుక్కున్న ప్లేట్లు విడిపోతాయి.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పటి నుంచి ఈ దేశంలో ఊరూరా విప్పి బిగించిన బండి ఇది. తాతయ్య దాన్ని కరీంనగర్‌లో స్వయంగా చూసుకునేవాడు. నీ చేతిలోనూ అది బాగుండాలని నాకెంత ఆశో. లోపలి స్క్రూ పని ఈ వారమే చెయ్యి. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటరు తిప్పు. రొద పెరిగి వేగం పెరగకపోతే స్ప్రింగుల పొడవు కొలిచి నాకు పంపు. ఇక్కడ ఉధ్నా దుకాణాల్లో ఏవి దొరుకుతాయో చూసి తీసిపెడతాను.

మీ మామ