చెల్లెలి స్మృతి

వ్యాధి ఒక్కరి శరీరమును ఆశ్రయించును. వ్యథ మాత్రము ఇంటిల్లిపాదిని ఆవరించును. మన పెద్దలు రాచపుండు అని పిలిచిన క్యాన్సరు వ్యాధి విషయమున ఇది మఱింత నిజము. ఆ పేరు వినినంతనే ఇంటివారి ధైర్యము సడలిపోవును. అట్టి సమయమున విశ్వాసమనగా నేమి? రోగి తప్పక బ్రతుకునని నమ్ముటయేనా? బ్రతుకకున్నచో ఆ విశ్వాసము వ్యర్థమైనట్లేనా? ఈ ప్రశ్నలకు డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కుటుంబ చరిత్రమున సమాధానము కలదు.

ముత్తులక్ష్మి 1886వ సంవత్సరమున పుదుక్కోట సంస్థానమున జన్మించెను. ఆడుపిల్లలకు చదువేల యని లోకులు ఆక్షేపించు ఆ దినములలో ఆమె చెన్నపట్టణము చేరి, 1907లో వైద్య కళాశాలలో ప్రవేశించి, 1912లో పట్టభద్రురాలయ్యెను. 1914లో డాక్టరు సుందరరెడ్డిని వివాహమాడెను.

ఆమెకు ఒక చెల్లెలు కలదు. ఆ చెల్లెలు నిండు యౌవనమున రోగపీడితురాలయ్యెను. మొదట అది జిగట విరేచనములని తలంచిరి. క్యాన్సరని తెలియునప్పటికి వ్యాధి ముదిరిపోయెను. అక్క వైద్యురాలు, బావ వైద్యుడు. కుటుంబమున ఇద్దఱు వైద్యులుండియు, ఆ కాలమున మన దేశమున తగిన చికిత్సా సాధనములు లేమింజేసి, ఆమె బాధను కన్నులార చూచుటయే గాని మాన్పుట వారికి సాధ్యము కాలేదు. 1923లో ఆమె కన్నుమూసెను.

ఇట్టి దుఃఖమున కొందఱు దైవమును నిందించి క్రుంగిపోవుదురు. ముత్తులక్ష్మి అట్లు చేయలేదు. చెల్లెలికి దొరకని వైద్యము ఇతరులకైనను దొరకవలెనని సంకల్పించెను. 1925లో ఇంగ్లాండునకు వెళ్లి ఉన్నత వైద్యవిద్య నభ్యసించెను. 1927లో మద్రాసు శాసన మండలికి ఉపాధ్యక్షురాలై స్త్రీల అభ్యున్నతికై పాటుపడెను. ఎన్ని పనులలో మునిగియున్నను చెల్లెలిని మఱువలేదు. 1935లో వైద్య కళాశాల శతవార్షికోత్సవము జరిగినప్పుడు, క్యాన్సరు రోగులకు ప్రత్యేక వైద్యశాల కావలెనను తన కోరికను సభాముఖమున ప్రకటించెను.

కాని చావు తప్పని రోగమునకు ఆసుపత్రి యెందులకని పలువురు పెదవి విఱిచిరి. ఆమె వెనుదీయలేదు. మహిళా సంఘము తరఫున విరాళములు ప్రోగుచేసెను. ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తి తల్లి ఆశయమును తన ఆశయముగా గైకొని, విదేశములలో క్యాన్సరు వైద్యమును నేర్చి వచ్చెను. 1952లో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1954 జూన్ 18వ తేదీన, అడయారులో 12 పడకలతో వైద్యశాల ప్రారంభమయ్యెను. అప్పటికి చెల్లెలు మరణించి 31 సంవత్సరములు గడచినవి. అక్కకు 67 ఏండ్లు నిండినవి.

డాక్టరు శాంత అను యువతి, ప్రభుత్వ వైద్యశాలలో లభించిన ఉద్యోగమును వదలుకొని, 1955లో ఆ ఆవరణముననే నివాస మేర్పఱచుకొనెను. 1968లో ముత్తులక్ష్మి మరణించిన పిమ్మట కృష్ణమూర్తియు, శాంతయు ఆ వైద్యశాలను పెంచి పెద్దచేసిరి. శాంత 2021లో మరణించువఱకు దానికే అంకితమైనది. 12 పడకల ఆ చిన్న వైద్యశాల వందలకొలది పడకల సంస్థ అయినది. తమిళనాటివారే గాక తెలుగు సీమనుండి వెళ్లు రోగులును అచ్చట చికిత్స పొందుచున్నారు. సొమ్ము లేదను కారణమున బీదవారు చికిత్సకు దూరము కారాదనునది ఆ సంస్థ నియమము.

బాలబాలికలారా! క్యాన్సరు అంటువ్యాధి కాదు. రోగికి కంచము వేఱుచేయుట, ప్రక్కన కూర్చుండ వెఱచుట అజ్ఞానము. తొలిదశలో గుర్తించినచో పెక్కు క్యాన్సరులు నయమగును. నోటిలో మానని పుండు, క్రొత్తగా కనిపించిన గడ్డ, కారణము తెలియని రక్తస్రావము ఉన్నయెడల ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. పొగాకు ఏ రూపమున నున్నను దానిని దరిజేరనీయరాదు.

ఇంట రోగియున్నప్పుడు పెద్దలు దేవునికి మ్రొక్కుకొందురు. అందు తప్పు లేదు. మ్రొక్కు చికిత్సకు తోడు కావలెను గాని బదులు కారాదు. రోగి చేయి విడువకుండుట, సకాలమున వైద్యము చేయించుట, నయము కాని స్థితిలో సైతము బాధను తగ్గించుటకు యత్నించుట – ఇదియే కుటుంబమునకు తగిన విశ్వాసము.

ముత్తులక్ష్మి విశ్వాసము చెల్లెలిని బ్రతికింపలేదు. అయినను అడయారులో స్వస్థత పొంది ఇల్లు చేరిన వేలమందికి ప్రాణదానము చేసినది ఆ విశ్వాసమే. వారిలో పెక్కుమందికి ఆ చెల్లెలి పేరైనను తెలియదు.