గాలికుంటు వ్యాధి నుండి కోలుకొంటున్న కాడెడ్లకు విశ్రాంతి, పనిలోకి దింపే క్రమం

సారాంశం

గాలికుంటు వ్యాధి వలన పెద్ద పశువులలో మరణాలు తక్కువ. అయితే నోటి పుండ్లు మానిన వెంటనే ఎద్దులకు కాడి కట్టినచో గిట్టలు చెడి కుంటితనం స్థిరపడవచ్చును. పని సామర్థ్యం దీర్ఘకాలం తగ్గవచ్చును. విశ్రాంతి కాలాన్ని, పనిని పెంచే క్రమాన్ని, అలసటను కొలిచే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

వ్యాధి మిగిల్చే నష్టం

మన దేశంలో ఈ వ్యాధికి ఓ, ఎ, ఆసియా-1 రకాల వైరస్‌లు కారణం. జ్వరం, చొంగ, నోటిలోనూ గిట్టల మధ్యనూ పొక్కులు ముఖ్య లక్షణాలు. నోటి పుండ్లు త్వరగా మానుతాయి. ఎద్దు మేత అందుకోగానే రోగం పోయిందని రైతు భావిస్తాడు. గిట్ట సంగతి వేరు. పుండుకు బురద, పేడ తగిలితే సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది, పురుగులు పడతాయి, ఒక్కొక్కప్పుడు గిట్ట ఊడుతుంది. గిట్ట నెలకు సుమారు 5 మి.మీ. మాత్రమే పెరుగుతుంది కనుక చెడిన భాగం పూర్తిగా అరిగిపోవడానికి అనేక నెలలు పడుతుంది.

గుండె కండరం దెబ్బతినడం ప్రధానంగా లేగదూడలలో కనిపిస్తుంది. అయినా కోలుకొన్న కొన్ని పెద్ద పశువులు కూడా ఎండకు ఓర్వలేక రొప్పుతూ ఉంటాయి. అట్టి ఎద్దును పశువైద్యుని పరీక్ష లేకుండా పనికి కట్టరాదు.

పని భారం అంచనా

ఎద్దు తన బరువులో సుమారు పదో వంతు బలాన్ని నిలకడగా లాగగలదు. ఒక్కొక్కటి 350 కిలోల బరువు గల జత 70 కిలోల లాగుడును తట్టుకొంటుంది. భారంతో పాటు నడిచే దూరాన్ని కూడా లెక్కించాలి. 15 సెం.మీ. చాలు తీసే నాగలితో ఒక ఎకరం దున్నడానికి ఎడ్లు 27 కిలోమీటర్లు నడవాలి. 90 సెం.మీ. గుంటకతో అదే ఎకరానికి 4.5 కిలోమీటర్లు చాలును. గిట్ట ఇంకా లేతగా ఉన్న ఎద్దుకు ఈ తేడా చాలా ముఖ్యం.

అనుసరించదగిన క్రమం

1. పూర్తి విశ్రాంతి: జ్వరం తగ్గి, గిట్టల పుండ్లు పూర్తిగా మానే వరకు, కనీసం మూడు వారాలు. పశువును మందనుండి వేరుచేసి, పొడినేలపై మెత్తని పరుపు వేసి కట్టాలి. పుండ్లను పలుచని పొటాషియం పర్మాంగనేట్ ద్రావణంతో కడగాలి. జావ, తవుడు కుడితి, లేత పచ్చిమేత ఇవ్వాలి.

2. నడక: మెత్తని నేలపై ఉదయం, సాయంత్రం 15 నిమిషాల చొప్పున వారం రోజులు. కుంటితే మళ్లీ విశ్రాంతి.

3. తేలిక పని: ఖాళీ బండి, ఆపై వదులు నేలలో గుంటక. చల్లని వేళ ఒక గంటతో మొదలిడి, మూడు నాలుగు రోజులకొకసారి అరగంట పెంచాలి.

4. నాగలి: పై పనిని అలసట లేకుండా చేయగలిగిన తరువాతనే. దమ్ము అన్నిటికంటే చివర రావాలి, ఏలయనగా బురదలో నానిన గిట్ట తిరిగి చెడుతుంది.

జోడీ ఎద్దు ఆరోగ్యంగా ఉంటే భారాన్ని దానివైపు మళ్లించవచ్చును. రెండు మెడల మధ్య 120 సెం.మీ. దూరం గల కాడిలో లాగుడు బిందువును బలమైన ఎద్దువైపు 6 సెం.మీ. జరిపితే, బలహీనమైన దానిపై భారం 50 నుండి 45 శాతానికి తగ్గుతుంది.

అలసటను కొలవడం

పనికి ముందు నీడలో నిలిపి నాడి, శ్వాస, ఉష్ణోగ్రతలను నమోదు చేయాలి. నాడిని తోక అడుగున, శ్వాసను డొక్క కదలికను బట్టి లెక్కించవచ్చును. విశ్రాంతిలో ఉన్న పశువు నిమిషానికి 10-30 సార్లు శ్వాసిస్తుంది, ఉష్ణోగ్రత 38.5 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. పని ఆపిన అరగంటకు ఈ విలువలు మొదటి స్థాయికి చేరువ కాకపోతే మరునాడు పని తగ్గించాలి. నోట నురుగు, నాలుక బయటకు వేలాడుట, అడుగులు తడబడుట కనిపించిన క్షణమే కాడి దించాలి.

విస్తరణ సిబ్బందికి సూచన

వ్యాధి తొలకరి ముందు వచ్చినప్పుడు "విశ్రాంతి ఇవ్వండి" అన్న సలహా ఒక్కటే రైతుకు చాలదు. అదను తప్పితే పంట పోతుందని అతని భయం, అది న్యాయమైనది. కనుక ఇరుగుపొరుగు ఆరోగ్యవంతమైన ఎడ్లతో బదులు పని, అద్దె యంత్రాల ఏర్పాటు కూడా సలహాతో పాటే చూపాలి. అరువు ఎడ్లను రోగి పశువు కొట్టంలో కట్టనీయరాదు. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం క్రింద ఆరు నెలలకొకసారి వేసే టీకాను దుక్కుల కాలానికి ముందే వేయించుట అన్నిటికన్న మేలైన మార్గం.

ముగింపు

రెండు ఎకరాల దుక్కి కోసం తొందరపడితే ఎద్దు ఆ ఏడాది పనికే దూరం కావచ్చును. పనిలోకి దింపే రోజును క్యాలెండరు చూసి కాక, గిట్టను, శ్వాసను చూసి నిర్ణయించాలి.