పెద్ద బొమ్మకు ముందు చిన్న బొమ్మ

మన హాస్టల్లో బొమ్మలు వేసే తమ్ముళ్ళకు కొదవ లేదు. గోడపత్రిక అయినా, అంబేద్కర్ జయంతి అయినా, సైన్సు ఎగ్జిబిషన్ అయినా చార్టులు వేసేది వాళ్ళే. కానీ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చార్టు చేతికి రాగానే నేరుగా దాని మీదే మొదలుపెడతారు. నేనూ అలాగే చేసేవాణ్ణి.

తొమ్మిదో తరగతిలో ఉండగా జయంతికి అంబేద్కర్ బొమ్మ వేసే పని నాకు అప్పజెప్పారు. మా గది పిల్లలందరం తలా రెండు రూపాయలు వేసుకుని చార్టు, స్కెచ్ పెన్నులు కొన్నాం. ముందు ముఖం గీశాను. చక్కగా కుదిరింది. కోటు, టై కూడా బాగా వచ్చాయి. తీరా కుడిచెయ్యి గీయబోతే చూపుడు వేలికి చార్టులో చోటు లేదు. ఆ వేలు లేకపోతే ఆ బొమ్మకు అర్థమే లేదు. చెరిపి చెరిపి చివరికి చార్టు చిరిగింది. నాకు బొమ్మలు రావనుకుని ఏడాదిపాటు పెన్సిలు ముట్టలేదు. నిజానికి నాకు రానిది బొమ్మ కాదు, ముందుగా చోటు చూసుకోవడం.

అసలు బొమ్మ మొదలుపెట్టేముందు చిత్తుకాగితం మీద అగ్గిపెట్టె అంత గడిలో వేసుకునే బొమ్మను చిత్రకారులు థంబ్‌నెయిల్ స్కెచ్ అంటారు. బొటనవేలి గోరంత బొమ్మ అని అర్థం. ఇందులో ముక్కు, కళ్ళు ఉండవు. ఏది ఎక్కడ, ఎంత పెద్దగా ఉండాలన్నదే చూసుకుంటాం.

ఇది కొత్తగా నేర్చుకునేవాళ్ళకే అనుకోకండి. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా పట్టణంపై విమానాలు బాంబులు కురిపించాయి. పారిస్‌లో ఉన్న పికాసో మే 1న ఆ బొమ్మకు చిన్న కాగితాలపై పెన్సిలుతో చిత్తులు మొదలుపెట్టాడు. ఎద్దు, గుర్రం, దీపం పట్టుకున్న స్త్రీ ఆ తొలిరోజు చిత్తుల్లోనే కనిపిస్తాయి. దాదాపు 45 చిత్తులు వేశాడు. పూర్తయిన చిత్రం సుమారు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్లకు పైగా వెడల్పు. మన బాపు కూడా తన సినిమా సన్నివేశాలను ముందే బొమ్మలుగా వేసుకునేవారు.

ఇక పద్ధతి చూద్దాం.

1. గడి కొలత: మన చార్టు 28 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు ఉంటుంది. కాబట్టి గడిని 7 సెంటీమీటర్లు, 5.5 సెంటీమీటర్లు పెట్టుకోండి. నిష్పత్తి అదే కావాలి. లేకపోతే గడిలో పట్టింది చార్టులో పట్టదు.

2. కనీసం మూడు గడులు: ఒక్కో దానికి రెండు నిమిషాలు చాలు. రబ్బరు వాడవద్దు. నచ్చకపోతే పక్క గడిలో మళ్ళీ వేయండి.

3. అక్షరాలకు చోటు: శీర్షిక ఎక్కడ రాయాలో గడిలోనే గుర్తు పెట్టుకోండి.

4. మూడు ఛాయలు: కాగితం తెలుపు, పెన్సిలు పడుకోబెట్టి రుద్దిన బూడిద రంగు, గట్టిగా రుద్దిన నలుపు. కళ్ళు సగం మూసి చూడండి. ముఖ్యమైనది అప్పుడు కూడా కనబడాలి.

5. పెద్దది చేయడం: గడిని నిలువునా అడ్డంగా సగం, మళ్ళీ సగం చేస్తే 16 చిన్న గడులు వస్తాయి. చార్టు మీద కూడా పెన్సిలుతో తేలికగా 16 గడులు గీసి, గడికి గడి చూస్తూ ఎక్కించండి.

ఉదాహరణకు మహద్ సత్యాగ్రహం వేయాలనుకుందాం. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాది మందితో నడిచి వెళ్ళి, అంటరానివాళ్ళను ముట్టుకోనివ్వని చవదార్ చెరువు నీళ్ళు తాగారు. మొదటి గడిలో అంబేద్కర్‌ను మధ్యలో పెద్దగా వేశాను. చెరువుకు చోటు లేదు, పాస్‌పోర్టు ఫోటోలా ఉంది. రెండో గడిలో దూరం నుంచి జనాన్ని వేశాను. నాయకుడెవరో తెలియలేదు. మూడో గడిలో కింది సగం నీళ్ళు, ఒక పక్కగా మెట్ల మీద వంగి దోసిలి పట్టిన అంబేద్కర్, వెనుక జనం, పైన ఆకాశంలో శీర్షిక. ఇప్పుడు చూడగానే కథ తెలుస్తోంది. ఆరు నిమిషాలు, అరపేజీ చిత్తుకాగితం ఖర్చు. నేరుగా వేసి ఉంటే రెండు చార్టులు పాడయ్యేవి.

తమ్ముళ్ళూ, చార్టు పాడైతే ఇంకోటి కొనుక్కునే వెసులుబాటు మనలో చాలామందికి ఉండదు. అందుకే తప్పులన్నీ చిత్తుకాగితం మీదే చేసేయండి. ఒక చార్టు చిరిగిందని మాత్రం నాలాగా పెన్సిలు పక్కన పెట్టకండి.